గురజాడ అప్పారావు పంతులుగారు – కన్యాశుల్క నాటకము

నిజామాబాదు, బోధను ప్రాంతముల పల్లెలలో నాటకమన్న నెరుగనివారు లేరు. చిందు భాగవతులు ఊరి నడుమ తెల్లవారులు ఆడిన కథలను మన పెద్దలు తరతరములుగా చూచుచు వచ్చిరి. నిజాంసాగరు 1931లో పూర్తియై మంజీరా జలములు కాలువలబారిన కాలమున కృష్ణా గోదావరీ మండలముల రైతులు పెక్కుమంది ఇచ్చటికి వచ్చి, క్యాంపులు కట్టుకొని, వరియు చెరకును సాగుచేసిరి. 1937లో బోధను చెంత శక్కరునగరమున చక్కెర కర్మాగారము వెలసెను. ఆ రైతులకు ప్రియమైన పద్యనాటకములును అట్లే ఈ సీమకు పరిచితములయ్యెను. హరిశ్చంద్రుని కష్టములకు కన్నీరు కార్చి, కృష్ణ రాయబారమునకు తలలూచి, కోడికూతవేళ ఇండ్లకు మరలుట ఉభయులకును అలవాటే.

పురాణకథలో అధర్మము రావణునిదో దుర్యోధనునిదో యగును గాని చూచువానిది కాదు. చూచువాని యింటిలోని అధర్మమునే రంగముపై నిలిపి, వానిచేతనే నవ్వించి, ఆ నవ్వు తనపైననే యని వానికి నడిదారిలో స్ఫురింపజేయు నాటకము వేరొక జాతికి చెందినది. తెలుగున అట్టివానిలో అగ్రగణ్యమైనది కన్యాశుల్కము. దానిని రచించిన గురజాడ వేంకట అప్పారావు పంతులుగారి పేరు దేశభక్తి గేయమువలన పాఠశాల బాలురకు సయితము తెలియును. అయితే ఆ మహనీయుడు ఒక దురాచారముపై నాటకమును ఆయుధముగా నెట్లు ప్రయోగించెనో తెలిసినవారు అంత ఎక్కువ లేరు.

పంతులుగారు 1862వ సంవత్సరము సెప్టెంబరు 21వ తేదీన విశాఖపట్టణ మండలము ఎలమంచిలి తాలూకా రాయవరమున మాతామహుల యింట జన్మించిరి. తండ్రి వేంకట రామదాసుగారు, తల్లి కౌసల్యమ్మగారు. తండ్రిగారు విజయనగర సంస్థానమున ఉద్యోగులు. చీపురుపల్లిలో ప్రారంభవిద్య జరిగెను. తండ్రి గతించుటతో పిల్లవాడు విజయనగరము చేరి, వారములు చేసికొని చదువుకొనవలసి వచ్చెను. మహారాజా కళాశాలాధ్యక్షులు చంద్రశేఖర శాస్త్రిగారు ఉండుటకు చోటిచ్చి చదివించిరి. వ్యావహారిక భాషోద్యమమునకు పిదప నాయకులైన గిడుగు రామమూర్తి పంతులుగారు అచ్చటి సహాధ్యాయులే. 1882లో మెట్రిక్యులేషను, 1884లో ఎఫ్.ఏ. పరీక్షలయందు కృతార్థులై, ఆ వెంటనే మహారాజా ఉన్నత పాఠశాలలో 25 రూపాయల జీతముపై ఉపాధ్యాయులైరి. మరుసటి సంవత్సరమున అప్పల నరసమ్మగారితో వివాహము. 1886లో తత్త్వశాస్త్రము ప్రధానముగా బి.ఏ. పట్టమందిరి. కొంతకాలము డిప్యూటీ కలెక్టరు కచేరీలో హెడ్డుగుమాస్తాగా పనిచేసి, 1887లో కళాశాలోపన్యాసకులైరి. ఆ 25 రూపాయల జీతమును పాఠకులు జ్ఞప్తియందుంచుకొనవలెను. ముందు దానితో పని గలదు.

తొలుత వీరి కలము ఆంగ్లముననే నడచెను. 1883లో సారంగధర కథను ఆంగ్ల కావ్యముగా వ్రాయగా, కలకత్తాలో పత్రికాధిపతులైన శంభుచంద్ర ముఖర్జీగారు దానిని తమ పత్రికయందు పునర్ముద్రించి, పరభాషలో నెంత వ్రాసినను ఫలము కొంచెమేయని మాతృభాషవంకకు ప్రోత్సహించిరి. ఒక వంగదేశీయుని మాటవలన తెలుగువారికి ఇంతటి లాభము కలుగుట గమనింపదగినది.

ఆనాటి విజయనగరాధీశులు శ్రీ ఆనంద గజపతి మహారాజావారు. సంగీత సాహిత్యములయందు రసికులు, పండితపోషకులు. ఆస్థానమున సంస్కృత నాటకములు ఆడుచుండిరి. అప్పారావు పంతులుగారు వారి ఆదరమునకు పాత్రులై, సంస్థానమున శాసన పరిశోధకులుగను, మహారాజావారి పేరిట వెలసిన చర్చాసంఘమునకు ఉపాధ్యక్షులుగను ఉండిరి. శాసనములు చదివెడు కన్నులు గలవాడు ఆధారము లేనిదే మాటాడడు. ఈ గుణము వారి నాటకమునకు గట్టి పునాదియైనది.

కన్యాశుల్కమనగా కన్యను ఇచ్చుటకై తండ్రి వరునియొద్ద సొమ్ము తీసికొనుట. శాస్త్రములు నిందించినను ఉత్తర సర్కారుల బ్రాహ్మణ కుటుంబములలో ఈ యాచారము వేళ్లూనియుండెను. డబ్బుగలవాడు ముదుసలియైనను పిల్ల దొరకును. పిల్ల ఈడేరకమునుపే వాడు చనిపోవును. అంతట ఆ పసిదానికి శిరోముండనము, చీకటిగది, జీవితాంత వైధవ్యము. తండ్రి చేతిలోని సొమ్ము పొలము దావాలకో అప్పులకో కరగిపోవును.

ఇట్టిది జరుగుచున్నదని అందరికిని తెలియును. ఎంత జరుగుచున్నదో ఎవరికిని తెలియదు. నాటకము అచ్చుపడుటకు సుమారు పదియేండ్లకు పూర్వము మహారాజావారు విశాఖపట్టణ మండలమున జరుగు శుల్క వివాహముల పట్టిక నొకదానిని తయారుచేయ నాజ్ఞాపించిరి. దానిలోని లెక్కలను పంతులుగారు తమ నాటకపు ఆంగ్ల పీఠికయందు ప్రకటించిరి. మూడు సంవత్సరములలో నమోదైన వివాహములు 1,034. ఏటికి సగటున 344. ఆ కన్యలలో అయిదేండ్ల ప్రాయమున పెండ్లియైనవారు 99 మంది, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు 6, ఏడాది పిల్లలు 3. అనగా అయిదేండ్లకు మించని పసికందులు 188 మంది. నూటికి పదునెనిమిది మంది. ఏడాది పిల్లకు పలికిన వెల 350 మొదలు 400 రూపాయలు. పంతులుగారు ఉపాధ్యాయులుగా తెచ్చుకొనిన జీతముతో పోల్చిచూచిన, ఇది పదునాలుగు పదునారు మాసముల సంపాదనము. బిడ్డ గర్భమునందుండగనే బేరము కుదుర్చుకొనువారును కలరని ఆ పీఠికలోనే యున్నది. పట్టిక సమగ్రము కాదనియు వారు వ్రాసిరి. సొమ్ము పుచ్చుకొన్న తండ్రి పుచ్చుకొన్నానని ఎందులకు చెప్పును? కావున వాస్తవము దీనికి మించియే యుండవలెను గాని తగ్గదు.

లెక్కలు పొడియైనవని కొందరు పెదవి విరుతురు. అయిదవ యేడు, నాలుగవ యేడు, మూడవ యేడు అని వరుసగా దిగివచ్చు ఈ అంకెలను చదివి నిద్రించుట సులభము కాదు. ఏ గ్రామపు లెక్కలు వ్రాయువాడైనను తన గ్రామపు పసిపిల్లల నొకమారు తలచుకొనక ఆ పుటను త్రిప్పలేడు.

మహారాజావారు మద్రాసు శాసనసభ ముఖమున ఈ దురాచారమును చట్టముచే అరికట్ట ప్రయత్నించిరి. అది సాగలేదు. ఉపన్యాసములు అప్పటికే సాగుచుండెను. రాజమహేంద్రవరమున వీరేశలింగం పంతులుగారు 1881లో మొదటి వితంతు వివాహమును జరిపించి దేశమును కదలించిరి. నాటకమును సంస్కారమునకు సాధనముగా గ్రహించుటయందును వారే మార్గదర్శకులు. 1880లో తమ విద్యార్థులచేత నాటకమాడించుటతోనే నవీన తెలుగు రంగస్థలము మొదలైనదని విజ్ఞులందురు. బాల్యవివాహమును, వృద్ధుల పెండ్లియాసను వెక్కిరించుచు బ్రాహ్మవివాహమను ప్రహసనమును వారు రచించియుండిరి. అయితే అవి చిన్న ప్రహసనములు. సంఘమునంతటిని, దాని అగ్రహారములను, కచేరీలను, భోగపువీధిని, పూటకూళ్లయింటిని ఒక్క నాటకములో నిమిడ్చిన ఘనత అప్పారావు పంతులుగారిది.

ఆ నాటకమును 1892లో విజయనగరమున జగన్నాథ విలాసినీ సభవారు ప్రదర్శించిరి. 1897లో అచ్చుపడి మహారాజావారికి అంకితమైనది. ఆ సంవత్సరముననే మహారాజావారు దివంగతులైరి. పీఠికయందు పంతులుగారు తమ ఉద్దేశములు రెండింటిని వివరించిరి. ఒకటి, సంఘసంస్కారమునకు తోడ్పడుట. రెండు, తెలుగుభాష రంగస్థలమునకు పనికిరాదను దురభిప్రాయమును పోగొట్టుట. సామాన్యజనులలో పుస్తకపఠనము అలవాటగు దాక వారి మనస్సులపై మేలైన ప్రభావము నెరపుటకు నాటకరంగము తప్ప వేరు మార్గము లేదని వారి అభిప్రాయము. మన హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపింపబడినది 1901లో. ఈ మాట అంతకు నాలుగేండ్ల ముందటిది. పుస్తకము చేరలేని యింటికి నాటకము చేరునని ఆయన నమ్మెను. పుస్తకమును ఇంటింటికి చేర్చుటకు పుట్టిన గ్రంథాలయములవారు ఆ నమ్మకమును తమకు పోటీగా గాక తోడుగానే భావింపవలెను.

ఇక భాష. ఆనాటి నాటకములు గ్రాంథికముననే నడచుచుండెను. పంతులుగారు దానిని ప్రక్కకునెట్టి, జనులు మాటాడు మాటనే వ్రాసిరి. అదియు ఒక్క తీరు మాట కాదు. వైదిక బ్రాహ్మణుని తెలుగు వేరు, ఇంగ్లీషు కలిపిన గిరీశముగారి తెలుగు వేరు, పాలేరు అసిరిగాని పలుకు వేరు, మధురవాణి నేర్పుగల మాట వేరు. పేరు చెప్పకున్నను మాటనుబట్టి మనిషిని గుర్తింపవచ్చును. గ్రాంథికమునందు అభిమానము గలవారు సయితము ఒప్పుకొనవలసిన సంగతి ఒకటి గలదు. ఒక అవధానిగారు అచ్చముగా తానాడు మాటనే రంగముపై వినినపుడు, అది వేరెవని కథయో యని తప్పించుకొను దారి ఆయనకుండదు.

కథ తెలియనివారికై సంగ్రహముగా చెప్పవలెను. కృష్ణరాయపురాగ్రహారమున అగ్నిహోత్రావధానులను ముక్కోపి, వ్యాజ్యముల మీద వ్యామోహము గలవాడు. పెద్దకూతురు బుచ్చమ్మ అప్పటికే బాలవితంతువు. బుద్ధి రాక చిన్నకూతురు సుబ్బిని రామచంద్రపురాగ్రహారపు లుబ్ధావధానులను పిసినారి వృద్ధునకు శుల్కము పుచ్చుకొని ఇచ్చుటకు సిద్ధపడెను. తల్లి వెంకమ్మ దుఃఖము పట్టలేక నూతిని ఆశ్రయించును. ఆమె అన్నదమ్ముడు కరటకశాస్త్రి ఈ పెండ్లిని ఎట్లయినను తప్పింతునని పూనుకొనును. ఈ కరటకశాస్త్రి ఎవరనగా, మహారాజావారి సంస్కృత నాటక మండలిలో విదూషకుడు. అతని శిష్యుడు స్త్రీవేషములు వేయువాడు. శాస్త్రి తన శిష్యునికి ఆడపిల్ల వేషము వేసి, తక్కువ శుల్కమునకే ఇత్తునని లుబ్ధావధానులకు ఆశచూపి, అతనికే కట్టబెట్టును. పెండ్లికూతురు కొన్నాళ్లకు మాయమగును. లుబ్ధావధానులపై హత్యానేరము పడును. కచేరీలు, వకీళ్లు, దొంగసాక్ష్యములు బయలుదేరును.

ఇందు గమనింపవలసిన విశేషమొకటి గలదు. సుబ్బి పెండ్లిని ఆపినది చట్టము కాదు. సంస్కారమునుగూర్చి గంటలకొలది ఉపన్యసింపగల గిరీశముగారును కాదు. ఆయన వితంతూద్ధారణము పేర బుచ్చమ్మను లేవదీసికొని పోయెను గాని సుబ్బికై వ్రేలు కదపలేదు. ఆపినది ఒక నటుని వేషము. తెలుగు రంగస్థలమున పురుషులే స్త్రీపాత్రలు ధరించు కాలమది. ప్రేక్షకులు రోజును చూచి మెచ్చుకొను ఆ వేషమునే పంతులుగారు కథకు ఇరుసుగా చేసిరి. రంగముపై చాలుననుకొన్న వేషము వీధిలోనికి వచ్చి ఒక బాలికను కాపాడినది. నాటకమువలన సంఘము మారునా యని అడుగువారికి పంతులుగారు నాటకములోనే బదులు చెప్పిరి.

ఆ బదులులో గర్వము లేదు. కరటకశాస్త్రి వేషము సుబ్బిని తప్పించినది గాని ఆచారమును తప్పింపలేదు. పైగా ఒక ముసలివానిని ఉరికంబము దగ్గరకు చేర్చినది. ఆ చిక్కును విప్పుటకు మరల వేరొకరు పూనుకొనవలసి వచ్చెను. ఆ పూనుకొన్నది భోగస్త్రీయైన మధురవాణి.

1909లో రెండవ కూర్పు వెలువడెను. కూర్పని పేరే గాని అది దాదాపు క్రొత్త నాటకము. ఏడంకములకు పెరిగి, పాత్రలు లోతుపడి, ఒక్క రాత్రిలో పూర్తిగా ఆడుటకు వీలుకానంత పెద్దదయ్యెను. నేడు మనము కన్యాశుల్కమని చదువునది దీనినే. ఇందు మధురవాణియే నాటకమునకు బుద్ధిబలము. వకీలు సౌజన్యారావు పంతులు సత్పురుషుడు, భోగస్త్రీల ముఖము చూడనని వ్రతము పట్టినవాడు. మధురవాణి పురుషవేషమున అతని యింటికి వెళ్లి, హత్యయన్నది కల్ల, పెండ్లికూతురే మగపిల్లవాడు అను రహస్యము నెరిగించి లుబ్ధావధానులను రక్షించును. గిరీశముగారి నిజస్వరూపమును బయటపెట్టును. ప్రతిఫలముగా తాను కోరిన ముద్దును, అతడు ఇచ్చుటకు సిద్ధపడిన క్షణమున తానే వలదనును. చెడనివారిని చెరుపరాదని తల్లి చెప్పినదట. తుదకు బుచ్చమ్మకు పూనా వితంతు శరణాలయమున విద్యాభ్యాసము ఏర్పడును. గిరీశముగారికి పాఠము చాలును. సౌజన్యారావు పంతులకు కూడ ఒక పాఠము తగిలినది. మనుష్యుని పుట్టుకను వృత్తినిబట్టి వెలివేయు సంస్కారము అసంపూర్ణమని ఆయన ఆ రాత్రి తెలిసికొనెను.

భోగస్త్రీల ఆటపాటలను నిషేధింపవలెనని సంస్కర్తలు ఉద్యమించుచున్న దినములలో ఇట్టి పాత్రను సృష్టించుటకు సాహసము కావలెను. కొందరు పెద్దలు నాటకములో నీతి చాలదని ఆక్షేపించిరి. ఆ యాక్షేపణము నిలుచునది కాదు. పంతులుగారు ఆచారమును మెచ్చుకొనలేదు. ఆచారమునకు బలియైన స్త్రీని మనిషిగా చూపిరి.

ఈ మాట మన జిల్లావారికి ఇతరులకంటె ఎక్కువ దగ్గరిది. ఎల్లమ్మ, పోచమ్మల పేర బాలికలను జోగినులుగా విడుచు ఆచారము నిజామాబాదు మండలమున చిరకాలము పాతుకొని యుండెను. మధురవాణికి మేడయు, నగలును, నాలుగు మాటలు నేర్చు తీరికయు కలవు. జోగినియైన బీదకూలి బిడ్డకు అవి లేవు. కన్నెకు వెలకట్టుట అచ్చట అగ్రవర్ణమున జరిగెను. ఇచ్చట వెలలేకయే, దేవుని పేర, వెలివాడ బిడ్డకు జరిగెను. 1988లో ఈ యాచారమును నిషేధించుచు రాష్ట్రమున చట్టము వెలసినది. జాషువా మహాకవి కుమార్తె హేమలతా లవణంగారు, భర్త లవణంగారితో కలిసి, ఈ జిల్లాలో జోగినుల జీవితములను చక్కదిద్దుటకు శ్రమపడిరి. వెలివాడలనుండియే గొప్ప నటులును పుట్టిరి. బోధను ప్రాంతపు చిందుల ఎల్లమ్మ ఆడు మగ పాత్రలు రెండింటను పేరుగాంచినది. విజయనగరపు రంగముపై మగపిల్లలు ఆడువేషము వేయు కాలమున మన చిందు కుటుంబములలో స్త్రీలు తామే రంగమెక్కుచుండిరి. పట్టణపు నాటకములనుగూర్చి వ్రాయు పండితులు దీనిని తరచు మరతురు.

మరల పంతులుగారి జీవితమునకు వత్తము. ఆనంద గజపతులవారి పిమ్మట వారి సోదరి రీవా మహారాణి అప్పల కొండయాంబగారికి ఆంతరంగిక కార్యదర్శిగా ఉండిరి. సంస్థానపు వారసత్వ వ్యాజ్యమునకు సంబంధించిన కాగితములతో ఏండ్ల తరబడి కుస్తీ పట్టవలసి వచ్చెను. ఆరోగ్యము ఎన్నడును అంతమాత్రమే. ఇట్టి స్థితిలోనే 1910లో ముత్యాల సరాలు, దిద్దుబాటు కథ, దేశభక్తి గేయము వెలువడెను. ముసలివానికి అమ్ముడుపోయిన బాలికపై పూర్ణమ్మ గేయము కూడ వారిదే. నాటకములో నవ్వించిన విషయమునకే గేయములో ఏడ్పించిరి. ఆ గేయము నాటకమంతగా జనులను మార్చగలదా యన్నది అనుమానమే. ఏడ్చినవాడు కన్నీరు తుడుచుకొని ఊరడిల్లును. నలుగురిలో నవ్వులపాలైనవాడు మరచిపోడు.

1911లో మద్రాసు విశ్వవిద్యాలయమువారు వీరిని పాఠ్యనిర్ణయ సంఘమున సభ్యులుగా నియమించిరి. పాఠశాలలలో వాడుక తెలుగునకు చోటీయవలెనని గిడుగు రామమూర్తి పంతులుగారితో కలిసి పోరాడిరి. సంఘములో అధికసంఖ్యాకులు అంగీకరింపలేదు. 1914లో పంతులుగారు తమ అసమ్మతిని సుదీర్ఘమైన పత్రముగా వ్రాసి సమర్పించిరి. ఆనాడు ఓడినది వారే. 1913లో ఉద్యోగమునుండి విశ్రాంతి గైకొనిరి. 1915 నవంబరు 30వ తేదీన, ఏబదిమూడవ యేట, విజయనగరమున పరమపదించిరి.

వారు పోయిన పదునైదేండ్లకు, 1929 నాటి శారదా చట్టము 1930 ఏప్రిలులో అమలునకు వచ్చి, బాలికల వివాహవయస్సును పదునాలుగేండ్లుగా నిర్ణయించెను. అది బ్రిటిషు ఇండియా చట్టము. మన ప్రాంతము అప్పుడు నిజాము ప్రభువుల యేలుబడిలో నుండెను. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన ఆరంభమైన నిజామాంధ్ర మహాసభలు భాషతోబాటు సంఘసంస్కారమునకును పూనుకొనెను. వానిలో ఆరవది 1937లో మన నిజామాబాదుననే మందుముల నరసింగరావుగారి అధ్యక్షతన జరిగెను. శుల్కము పుచ్చుకొనుట ఎట్లు అంతరించినదో ఒక్క కారణము చెప్పుట కష్టము. చదువు, ఉద్యోగములు, చట్టము, నాటకము అన్నియు పనిచేసియుండును. ఒక్కటి మాత్రము నిశ్చయము. కన్యాశుల్కము పోయిన యిండ్లలోనికి వరశుల్కము వచ్చెను. 1961లో వరకట్న నిషేధ చట్టము చేయవలసి వచ్చెను. సొమ్ము ఏ చేతినుండి ఏ చేతికి మారినను, బేరము నడుమ నిలుచున్నది ఆడపిల్లయే.

1955లో ఈ నాటకము చలనచిత్రమై వచ్చెను. నందమూరి తారకరామారావుగారు గిరీశముగను, సావిత్రిగారు మధురవాణిగను నటించిరి. దానివలన నాటకము చదువనివారికి సయితము గిరీశము పేరు తెలిసినది. మేలే. కాని అప్పటినుండి ఊళ్లలో ఈ నాటకమును కుదించి ఆడువారు గిరీశముగారి హాస్యరంగములను పట్టుకొని తక్కినవానిని విడుచుట అలవాటైనది. పూర్తిగా ఆడుట అసాధ్యమే. కోయక తప్పదు. ఏది కోయవలెనన్నదే ప్రశ్న. గిరీశము, వెంకటేశముల సంభాషణము లేకున్నను కథ నిలుచును. వెంకమ్మ నూతిని ఆశ్రయించు ఘట్టమును, బుచ్చమ్మ నోరులేని బాధను, మధురవాణి సౌజన్యారావు పంతులుల కడపటి రంగమును తీసివేసినచో మిగులునది ఒక విదూషకుని కచేరీ మాత్రమే. సంక్రాంతికో ఉగాదికో దీనిని ఆడదలచిన మన యువకులు ముందుగా పుస్తకమును పీఠికతో సహా చదివి, ఆ 1,034 వివాహముల లెక్కను తెర లేచుటకు ముందు ఒకరు సభకు వినిపించి, పిదప నాటకమును ఆరంభించుట బాగుండును. బుచ్చమ్మ పాత్రకు ఊరి ఆడపడుచులలో నొకరు ముందుకు వచ్చినచో మరియు బాగుండును.